కుర్చీలో నాన్నమ్మ, వెనక తాత

ఒరేయ్ బావా,

ముందు తిట్టుకో, తర్వాత చదువు. నీ ఉత్తరానికి దసరాల్లో జవాబు రాద్దామనుకున్నాను, సంక్రాంతి కూడా వెళ్ళిపోయింది, తప్పు నాదే. ఇక్కడ అందరం బాగానే ఉన్నాం, అమ్మ మోకాళ్ళు అలాగే ఉన్నాయి, పెద్దదానికి పుణెలో ఉద్యోగం వచ్చింది, చిన్నోడు ఇంకా బండి కొనమని పోరుతున్నాడు, ఇంక అంతే. అసలు సంగతి వేరే ఉంది, పది రోజులుగా నీకొక్కడికే చెప్పాలని గొంతులో అడ్డం పడి ఉంది, ఫోన్లో చెబితే సగంలో ఏదో ఒకటి వచ్చి పాడవుతుందని కూర్చుని రాస్తున్నా.

మా ఊరింట్లో హాల్లో తాతా నాన్నమ్మా ఉన్న ఫోటో గుర్తుందా? యూనివర్సిటీలో ఉండగా సంక్రాంతికి మా ఊరొచ్చి దాని కింద నవారు మంచం మీద పడుకుని, "మీ తాత రాత్రంతా నన్నే చూస్తున్నాడ్రా" అని లేచి వరండాలోకి పోయావు చూడు, అదే. నాన్నమ్మ కుర్చీలో కూర్చుని ఉంటుంది, తాత కుర్చీ వెనకాల నిలబడి కుర్చీ వీపు మీద చెయ్యేసి ఉంటాడు. మా నాన్న ఆ ఫోటో గురించి ఎంత చెప్పేవాడో నువ్వూ విన్నావు, "ఆ రోజుల్లో మగాడు కుర్చీలో కూర్చుని పెళ్ళాన్ని పక్కన నిలబెట్టేవాడు, మా నాన్న మాత్రం మా అమ్మని కూర్చోబెట్టి తను నిలబడ్డాడు" అని. పెళ్ళి చూపులకి ఎవరొచ్చినా, చెల్లి సంబంధానికి వచ్చినవాళ్ళకి కూడా, ముందు ఆ ఫోటో చూపించాకే కాఫీ. మా అమ్మ నిలబడి నాన్న కూర్చున్న ఫోటో మా ఇంట్లో ఒక్కటి కూడా లేదురా, ఇది నాకు మొన్నే తట్టింది, ఆల్బమ్‌లన్నీ తిరగేశాను, ఒక్కటంటే ఒక్కటి లేదు.

సరే, ఇంటికి సున్నాలు వేయిద్దామని గోడ మీదవన్నీ దించాం. ఆ ఫ్రేము వెనక అట్ట చెద పట్టి పొడిపొడిగా రాలిపోతోంది, గ్లాసు మూల పగిలింది. శ్రీకాకుళం తీసుకెళ్ళి స్కాన్ చేయించి కొత్తగా ప్రింట్ తీయిద్దామని మేకులు ఊడదీశాను. ఊడదీస్తే అట్టకీ ఫోటోకీ మధ్యన ఇంకో ఫోటో. మామూలు ఫోటో కాదురా బావా, చొక్కాలూ పంచెలూ వేసుకున్న ఐదుగురు మగవాళ్ళ గ్రూపు ఫోటో, కింద మౌంటు అట్ట మీద రంగూన్ అని అచ్చు ఉంది, మనవాళ్ళు రంగం అనే బర్మా ఊరు, 1941 అని చేత్తో రాసి ఉంది. ఐదుగురు అన్నానా, నలుగురే ఉన్నారు. కుడి చివర నిలబడ్డవాడు లేడు. మనిషి ఆకారంలో కంత ఉంది. కత్తెరతో అంచు వెంబడి ఎంత జాగ్రత్తగా కోశారంటే జుట్టు పాపిడి దగ్గర ఒంపు కూడా తెలుస్తోంది. వాడి ముందు కుర్చీలో కూర్చున్నాయన భుజం మీద నాలుగు వేళ్ళంత చీలిక.

నాకు చేతులు వణికాయి. నువ్వు నవ్వకు.

ఆ చెయ్యి ఎక్కడిదో అర్థమైందా? కుర్చీ వీపు మీదున్న చెయ్యి. మా తాత చెయ్యి మా నాన్నమ్మ కుర్చీ మీద ఎప్పుడూ లేదు, రంగంలో ఎవడో స్నేహితుడి భుజం మీద ఉంది. ఆ కూర్చున్న స్నేహితుడు అడ్డొచ్చినందుకు తాతకి మోకాళ్ళ కింద కాళ్ళు పడలేదు, అందుకే ఫోటో తీసినాయన తాతని కుర్చీ వెనక నిలబెట్టాడు, లేని కాళ్ళు కనపడకుండా. తాత నిలబడింది పెళ్ళాం మీద గౌరవంతో కాదురా, ఆ గ్రూపు ఫోటోలో నిలబడి ఉన్నాడు కాబట్టి నిలబడ్డాడు, అంతే.

స్కాన్ కుర్రాడు కంప్యూటర్లో పెద్దది చేసి చూపించాడు, అప్పుడు నువ్వే నా పక్కన కూర్చున్నట్టనిపించింది. గుండ్లు దారి మీదున్నాయా, గుంటలో ఉన్నాయా! మెస్‌లో సాంబారు దగ్గర మొదలెట్టి మూసేదాకా చెప్పేవాడివి కదరా, 1855లో క్రిమియా యుద్ధంలో రోజర్ ఫెంటన్ తీసిన లోయ ఫోటోలు రెండున్నాయని, ఒకదాంట్లో ఫిరంగి గుండ్లు పక్కన గుంటలో ఉంటే రెండోదాంట్లో దారి నిండా పడి ఉన్నాయని, ఏది ముందు తీశాడు, గుండ్లు తీసేశారా తెచ్చి పోశారా అని. మేమందరం విసుక్కునేవాళ్ళం. తర్వాత 2007లో ఎరల్ మోరిస్ అనే సినిమా డైరెక్టర్ పట్టుబట్టి తేల్చాడని నువ్వే రాశావు, గుండ్లని చూసి కాదు, పక్కన వాలు మీద చిన్న చిన్న రాళ్ళని చూసి, దారి నిండా గుండ్లున్న ఫోటోలో ఆ రాళ్ళు కొంచెం కిందికి జారి ఉన్నాయి, అంటే మనుషులు అక్కడ అటూ ఇటూ తొక్కాక తీసినదన్నమాట, ఉత్త దారి ఫోటోనే ముందుది. కాలు తగిలి కదిలిన రాయి సాక్ష్యం చెప్పింది, ఎవరూ దాన్ని సర్దాలనుకోలేదు కాబట్టి అది అబద్ధం చెప్పలేదు, అన్నావు. ఆ మాట అప్పుడు వదిలేశాను. ఇప్పుడు మా తాత ముక్కు కింద నీడ ఎడమ వైపుంది, నాన్నమ్మ ముక్కు నీడ కుడి వైపుంది. ఒకే గదిలో ఇద్దరికీ రెండు సూర్యుళ్ళా? యాభై ఏళ్ళు చూశాం రా ఆ ఫోటోని, ఇంట్లో ఒక్కళ్ళం కూడా నీడ చూడలేదు.

ఇంకోటి చెప్తా ఆగు. నాన్నమ్మ నుదుటి మీద బొట్టు. ఫోటో అంతా సన్నటి ఇసకలా ఉంటుంది కదా దగ్గరికి వెళితే, ఆ బొట్టులో ఇసక లేదు. నున్నగా, ఒకటే నలుపు, కుంచెతో పెట్టిన చుక్క.

నాకు ముందు కోపమొచ్చింది, నిజంగా చెప్తున్నా. నువ్వు హూపర్ గురించి చెప్పినప్పుడు మీ జేజి ముఖం ఎలా అయిందో అలాంటి కోపం. మీ కర్నూలు ఇంట్లో ఆ రోజు భోజనాలయ్యాక ఆ ఫోటోలున్న పుస్తకం తీశావు, 1876 నుంచి 78 దాకా వచ్చిన కరువు, బళ్ళారి, కర్నూలు, కడప అన్నీ ఎండిపోయినప్పుడు మద్రాసులో సైన్యం ఆఫీసరు డబ్ల్యూ. డబ్ల్యూ. హూపర్ తీసినవి. ఎముకల గూళ్ళని వరసలో కూర్చోబెట్టి, వెనకాల కొందరిని నిలబెట్టి, పెళ్ళి గ్రూపు తీసినట్టు తీశాడు. మీ జేజి చూసి "ధాత కరువు" అని ఒక్క మాటంది, తర్వాత "ఈళ్ళని ఇట్లా వరసగా కూచోబెట్టిందెవరు, లేచేదానికి శక్తి లేనోళ్ళని" అని అడిగింది. మనమిద్దరం నోరెత్తలేదు. ఫోటో అయ్యాక వాళ్ళకి తిండి కూడా పెట్టకుండా పంపేశాడని అతని మీద ఆరోపణ ఉందని నువ్వు ఆవిడకి చెప్పలేకపోయావు, నాకు రాత్రి చెప్పావు. అదే హూపర్ 1886లో మాండలేలో, బర్మావాళ్ళని తుపాకులతో కాల్చేటప్పుడు, కెమెరాలో ఫోటో ప్లేటు సిద్ధమయ్యేదాకా ఆపించాడని గొడవై విచారణ దాకా వెళ్ళింది. కరువు ఫోటోల్లో అబద్ధం లేదురా, ఆకలి నిజమే, ఎముకలు నిజమే, ఆ కూర్చోబెట్టడం మాత్రం... అక్కడ ఎవరికి ఎవరి మీద అధికారం ఉందో ఆ వరసలోనే కనపడుతుంది. మీ జేజి ఒక్క చూపులో పట్టేసింది దాన్ని. చదువుకున్న మనం కాదు.

అదిగో ఆ కోపంతోనే మా పెద్దత్త దగ్గరికి వెళ్ళాను, విజయనగరం. తొంభై దగ్గర పడింది, చూపు తగ్గింది గాని జ్ఞాపకం గట్టిది. గ్రూపు ఫోటో చేతిలో పెట్టాను, వేలితో కంత తడిమి చూసి, "దొరికిందేట్రా" అంది. అంతే. ఆవిడకి తెలుసు! ఇన్నేళ్ళూ తెలుసు!

నీకు తెలిసిందే కదా, తాత రంగంలో ధాన్యం మిల్లులో పని చేసేవాడు, మా వైపు ఊళ్ళకి ఊళ్ళు ఓడెక్కి రంగం పోయిన రోజులవి. ఆఖరిసారి 1940లో వచ్చి వెళ్ళాడు, నాన్న పుట్టాక చూడనే లేదు. 41 డిసెంబరులో జపానువాళ్ళు రంగూన్ మీద బాంబులేశారు, లక్షల మంది మనవాళ్ళు అడవుల్లో కొండల్లో నడిచి బయలుదేరారు, తాత కూడా. దారిలో కలరా. కూడా నడిచిన మా ఊరాయన ఒకడు ఇల్లు చేరి వార్త చెప్పాడు, చిన్న ట్రంకు పెట్టెలో ఈ గ్రూపు ఫోటో తెచ్చిచ్చాడు. ఆ మోసుకొచ్చినాయనే కుర్చీలో కూర్చున్నాయన. భుజం మీద చీలిక ఉన్నాయన.

1948లో పెద్దత్త పెళ్ళి కుదిరింది. కన్యాదానం చిన్నతాత చేస్తాడు, అయినా పందిట్లోకి వచ్చినవాళ్ళకి పిల్ల తండ్రి ముఖం తెలియాలని నాన్నమ్మ పట్టుబట్టిందిట. ఒక బస్తా ధాన్యం అమ్మి, అత్తని వెంటబెట్టుకుని బండి కట్టించుకుని శ్రీకాకుళంలో స్టూడియోకి వెళ్ళింది. అత్త చెప్పినట్టే రాస్తా:

"ఆ ఫోటో ఆయన, అమ్మా కోస్తే మరి రాదు, ఉన్నదొక్కటే, ఆలోసించుకో అన్నాడు. మా అమ్మ, కొయ్యండి అంది. నా పెళ్ళికి కొన్న సీర మడత ఇప్పి నాకంటే ముందు మా అమ్మ కట్టుకుంది, స్టూడియోలోనే, మళ్ళీ మడతెట్టేసింది. గాజులు లేవు కదా, సేతులు పమిట కింద ఎట్టుకోమన్నాడు. బొట్టెట్టుకో అన్నాడు, మా అమ్మ ఎట్టుకోనంది. ఆయన కాసేపు ఊరుకుని, వద్దులేమ్మా, మీరెట్టుకోకండి, నాను ఎడతాను అన్నాడు."

నాను ఎడతాను. బావా, ఆ చుక్క.

వాళ్ళ పని ఎలా ఉండేదంటే, నాన్నమ్మ ఫోటో తీసి ప్రింటేసి, దాని మీద తాతని కోసి అతికించి, అతుకు కనపడకుండా కుంచెతో రంగు దిద్ది, మొత్తాన్ని మళ్ళీ కెమెరాతో ఫోటో తీసేవాళ్ళు, అప్పుడు అతుకు పోయి ఒకటే కాగితం అవుతుంది. ఇప్పుడు చూస్తే అందుకే నాన్నమ్మ పెద్దదానిలా, తాత కుర్రాడిలా ఉంటాడు, తాత అప్పటికి ఆరేళ్ళ క్రితమే పోయాడు, నాన్నమ్మకి మాత్రం ఆ ఆరేళ్ళూ గడిచాయి. మేము పొలం పనికి అలా అయిపోయిందిలే అనుకునేవాళ్ళం.

ఊళ్ళో ఎవరినీ మోసం చెయ్యలేదురా ఆవిడ, పందిట్లో అందరికీ తెలుసు ఆయన లేడని. తెలియంది ఒక్క మా నాన్నకే, ఏడేళ్ళవాడు. రంగం నుంచి వచ్చిన పెట్టెలో ఉంది అన్నారు, నమ్మాడు. అమ్మ ఎందుకు కూర్చుంది, నాన్న ఎందుకు నిలబడ్డాడు అని అడిగాట్ట. నాన్నమ్మ కాసేపాగి, "మీ నాన్నకి నన్ను నిలబెట్టడం ఇష్టం లేదురా" అందిట.

అది నిజమో, అప్పటికప్పుడు పుట్టిందో అత్తకి కూడా తెలీదు. తాత వెళ్ళేటప్పటికి అత్తకి నాలుగేళ్ళు, ఎత్తుకున్నట్టు మాత్రం గుర్తుందిట. నేను మళ్ళీ మళ్ళీ అడిగాను. ఏమో నాయనా, అంది. నాన్న ఉండి ఉంటే నేను ఈ గ్రూపు ఫోటో చూపించేవాణ్ణా? బండిలో వస్తూ దారంతా అదే ఆలోచన, ఒకసారి చూపించేవాణ్ణి అనిపిస్తుంది, ఒకసారి... తమ్ముడికి చెప్పలేదింకా. చెల్లికి చెప్పాలి, దాని కూతురి పెళ్ళికి ఈ ఫోటో కావాలంటోంది, అదీ మొదలు పెట్టింది ఆ కుర్చీ కథ, పిల్లలకి.

ఆ నలుగురి పేర్లు కనుక్కోవాలని ఉంది. కుర్చీలో కూర్చున్నాయన మనవలు ఇంకా మా ఊళ్ళోనే ఉన్నారు, వాళ్ళ ఇంట్లో ఈయన ఫోటో ఉందో లేదో, ఉన్నా భుజం మీద చెయ్యితో ఉంటుందా అని, నువ్వు వస్తే ఇద్దరం కలిసి వెళ్దాం, ఏప్రిల్లో రాగలవా? మామిడికాయల టైముకి రా, పాత లెక్క కూడా తేల్చుకుందాం, పదహారు ఇడ్లీలు నాకే బాకీ ఉన్నావు. ఇంకా నీకు ఫోటో వెనకాల తెర గురించి చెప్పాలి, రంగులేసిన మెట్లు, స్తంభాలు, ఆ మెట్ల మీద

ఆగు, స్కాన్ కుర్రాడు ఫోన్ చేశాడు. ఫోటో అంతా శుభ్రం చేసేశాట్ట, నుదుటి మీద ఏదో నల్ల మరక ఉంది సార్, అదొక్కటీ చెరిపేసి ప్రింట్ ఇచ్చేస్తున్నా అంటున్నాడు. వద్దని అరిచాను, వినపడిందో లేదో, మళ్ళీ చేస్తే ఎత్తడం లేదు. నేను వెళ్తున్నారా, మిగతాది తర్వాత.

నీ
బావ