పాత ప్రసారాలకు ఒక రోజంతా కేటాయించాలి

సంపాదకులకు నమస్కారాలు.

హైదరాబాద్ దూరదర్శన్ కేంద్రం ప్రారంభమై 2027 అక్టోబరు నాటికి యాభై ఏళ్లు పూర్తవుతాయి. ఆ సందర్భంగా చేయదగిన ఒక పనిని మీ పత్రిక ద్వారా సూచించాలనుకుంటున్నాను. ఈ ఆలోచన నాకు చాలా ఏళ్ల క్రితం, లండన్‌లో ఉద్యోగం చేస్తున్న రోజుల్లో, అక్కడి టెలివిజన్ చూస్తుండగా కలిగింది.

1991 ఆగస్టు 26వ తేదీ సోమవారం, బ్రిటన్‌లో సెలవు దినం. పశ్చిమ లండన్‌లోని లైమ్ గ్రోవ్ స్టూడియోలు అప్పటికే మూతపడినందున వాటికి వీడ్కోలుగా ఆ రోజు బీబీసీ రెండవ ఛానల్ అక్కడ తయారైన పాత కార్యక్రమాలను ప్రసారం చేసింది. ఒకప్పుడు హిచ్‌కాక్ సినిమాలు తీసిన ఆ స్టూడియోలను బీబీసీ 1949లో కొనుక్కుని, నాలుగు దశాబ్దాల పాటు వాడుకుంది. అప్పటికే తాళం పడిన భవనంలో పుట్టిన నలుపు తెలుపు బొమ్మలను వరుసగా చూస్తుంటే, నాకు పరిచయం లేని ఒక తరం ఇళ్లలోకి తొంగి చూస్తున్నట్టు అనిపించింది.

ఆ తర్వాత ఈ విషయం గురించి దొరికినదల్లా చదివాను. తొలినాళ్లలో అక్కడ నాటకాలను ప్రత్యక్షంగానే ప్రసారం చేసేవారు. జార్జ్ ఆర్వెల్ నవల '1984'కు రచయిత నైజెల్ నీల్ చేసిన టెలివిజన్ రూపాన్ని, పీటర్ కుషింగ్ ప్రధాన పాత్రధారిగా, 1954 డిసెంబరు 12 ఆదివారం రాత్రి లైమ్ గ్రోవ్ నుంచి ప్రసారం చేశారు. అది చూసి ప్రేక్షకులు కలవరపడ్డారు, పార్లమెంటులో సైతం చర్చ జరిగింది. అయినా గురువారం నాడు నటీనటులందరూ మళ్లీ వచ్చి మొదటి నుంచి చివరి వరకు రెండోసారి ఆడారు. అప్పట్లో పునఃప్రసారమంటే, మన పల్లెల్లో రెండో రాత్రి నాటకం వేసినట్టు, మళ్లీ ఆడడమే. తెర ముందు సినిమా కెమెరా పెట్టి గురువారం నాటి ప్రదర్శనను ఫిల్ముకెక్కించారు కనుక అది నేటికీ మిగిలింది. ఆదివారం నాటిది గాలిలో కలిసిపోయింది.

వీడియో టేపు వచ్చాక పరిస్థితి మెరుగుపడవలసింది, కానీ అలా జరగలేదు. రెండంగుళాల టేపు చాలా ఖరీదైనది కావడం, నటుల సంఘంతో ఉన్న ఒప్పందాలు పునఃప్రసారాలను పరిమితం చేయడం, రంగుల టెలివిజన్ వచ్చాక నలుపు తెలుపు కార్యక్రమాలను ఎవరూ కొనరని భావించడం వంటి కారణాలతో వేలాది కార్యక్రమాలను చెరిపివేసి అదే టేపు మీద కొత్తవి రికార్డు చేశారు. మనిషి చంద్రుడి మీద కాలు మోపిన రాత్రి బీబీసీ స్టూడియోలో సాగిన ప్రసారం కూడా చాలా వరకు అలాగే పోయింది. 'డాక్టర్ హూ' అనే బీబీసీ సైన్స్ ఫిక్షన్ ధారావాహికలో తొంభైకి పైగా భాగాల బొమ్మ దొరకకుండా పోయినా, అభిమానులు ఇళ్లలో టేపు రికార్డర్లు పెట్టి పట్టుకున్నందువల్ల వాటి శబ్దం మాత్రం మిగిలింది. విదేశాలకు అమ్మిన ఫిల్ము ప్రతులలో తొమ్మిది భాగాలు నైజీరియాలో దొరికిన సంగతి 2013లో వెల్లడైంది. సంస్థ పారవేసినదాన్ని సామాన్యులు, పరాయి దేశాల గిడ్డంగులు కాపాడాయన్న విషయం నన్ను ఎంతగానో కదిలించింది.

పాత కార్యక్రమాలకు ఒక రోజును కేటాయించేటప్పుడు పేరున్నవాటిని మాత్రమే ఏరి చూపితే సరిపోదని నా దృఢమైన అభిప్రాయం. 1950లలో బ్రిటన్ టెలివిజన్‌లో రెండు కార్యక్రమాల నడుమ స్టూడియో సర్దుకునే వరకు కుమ్మరి సారె మీద మట్టి తిరుగుతున్న దృశ్యం చూపేవారు. పిల్లలను నిద్రపుచ్చడానికి తల్లిదండ్రులకు వీలుగా ఉండాలని 1957 వరకు సాయంత్రం ఆరు నుంచి ఏడు గంటల దాకా అసలు ప్రసారమే ఉండేది కాదు. ఒక సమాజం తన సాయంకాలాన్ని ఎలా గడిపిందో తెలియాలంటే ఈ విరామాలు కూడా కనబడాలి.

మన విషయానికి వస్తే, హైదరాబాద్ కేంద్రం స్వర్ణోత్సవ వేళ ఒక రోజంతా, తొలి ఏళ్లలోని ఒకనాటి కార్యక్రమాల పట్టికను అనుసరించి, లభ్యమైన మేరకు పాత వార్తలు, పాడిపంటల కార్యక్రమాలు, నాటకాలు, చిత్రలహరి, వాటి మధ్య వ్యాఖ్యాతల పలకరింపులు, 'అంతరాయానికి చింతిస్తున్నాము' అన్న పలకతో సహా ప్రసారం చేయాలని కోరుతున్నాను. లేనివాటి కోసం ప్రజలను అడగాలి. 1980లలో వీసీఆర్ కొన్న తెలుగు కుటుంబాలు మన దగ్గరా, విదేశాల్లోనూ ఎన్నో ఉన్నాయి. వారి అటకల మీద ఏమున్నదో ఇంతవరకు ఎవరూ అడిగినట్టు లేదు. బూజు పట్టిన టేపును ఏళ్ల తరబడి వదిలేస్తే మళ్లీ చూడగలిగే అవకాశం తగ్గిపోతుంది కనుక ఈ పిలుపు ఇప్పుడే వెలువడాలి.

నా దగ్గర మూడు క్యాసెట్లు ఉన్నాయి. మా అన్నయ్య విజయవాడలో ఉగాది కార్యక్రమాలను రికార్డు చేసి లండన్‌కు పంపినవి. రెండు దేశాల్లోనూ పాల్ (PAL) అనే ఒకే రంగుల టెలివిజన్ పద్ధతి కావడంతో అవి అక్కడ చక్కగా ఆడాయి. దూరదర్శన్ గానీ, మరే గ్రంథాలయం గానీ అడిగిన పక్షంలో వాటిని స్వయంగా తెచ్చి అప్పగిస్తాను.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉద్యోగి, విజయవాడ