చిన్నాడి అలక

బెల్‌వ్యూ,
23 నవంబర్ 2025

నాన్నా,

మొన్న ఫోన్ చేసినప్పుడు మా చిన్నాడు, మీ మనవడు, పలకకుండా గదిలోకెళ్ళి తలుపేసుకున్నాడని అమ్మ బాధపడిందట, అక్క చెప్పింది. మీ మీద కోపం కాదండీ. ఇక్కడి బేస్‌బాల్‌లో సీజన్ మొత్తానికి ఎంవీపీ అని ఇస్తారు, మన మ్యాన్ ఆఫ్ ది సిరీస్ లాంటిది, అది మా సియాటిల్ మారినర్స్ ఆటగాడు కాల్ రాలీకి రాలేదు. న్యూయార్క్ యాంకీస్ ఆరన్ జడ్జ్‌కి వచ్చింది, మూడోసారి. ఆయనకి ఇప్పటికే రెండున్నాయి కదా, మళ్ళీ ఎందుకూ అని వీడి ఏడుపు.

రాలీ క్యాచర్. అంటే కీపరే, కాకపోతే బంతి బంతికీ గొంతుక్కూర్చోవాలి. మొన్నామధ్య పెరట్లో వీడు బంతులేస్తుంటే నేను అలా కూర్చున్నాను, ఇరవై బంతులకే మోకాళ్ళు పట్టేశాయి, కంచె పట్టుకుని లేచాను. అతను ముఖానికి జాలీ, కాళ్ళకి ప్యాడ్లు కట్టుకుని ఒక్కో మ్యాచ్‌లో వందకు పైగా బంతులు అలాగే పడతాడు, బౌలర్‌కి ఏ బంతి వెయ్యాలో సైగ చేస్తాడు, ఇంత చేసి ఈ ఏడు 60 హోమ్‌రన్‌లు కొట్టాడు, అంటే సిక్సర్లే అనుకోండి. అంతకుముందు క్యాచర్ల రికార్డు 48.

ఈ ఓట్లు ప్రేక్షకులవి కాదు, విలేకరులవి. ఇక్కడి జట్లన్నీ రెండు లీగ్‌లుగా ఉంటాయి, ఎంవీపీ దేనికది. ఒక్కో లీగ్‌కి 30 మంది, ఒక్కొక్కరు పది పేర్లు వరసగా రాయాలి. మొదటి పేరుకి 14 పాయింట్లు, రెండోదానికి 9, అక్కడి నుంచి ఒక్కొక్కటే తగ్గుతుంది. జడ్జ్‌కి 355, రాలీకి 335. కాగితం మీద లెక్కేశాను, జడ్జ్‌ని 17 మంది మొదట రాశారు, రాలీని 13 మంది, మొదట రాయనివాళ్ళంతా రెండో పేరుగా రాశారన్నమాట. ఒక్కరు కూడా మూడో స్థానానికి దించలేదు! ఇంకో ఇద్దరు అటూ ఇటూ మార్చి రాసుంటే టై అయ్యేది. ఇదంతా చెప్తే వాడు ఇంకా ఎక్కువ ఏడ్చాడు, నాదే బుద్ధి తక్కువ.

మీ కోడలు మాత్రం జడ్జ్ వైపే. అతని సగటు .331, అంటే వెయ్యిసార్లు బ్యాటింగ్ చేస్తే 331 సార్లు హిట్ కొట్టినట్టు లెక్క, రాలీది .247, హోమ్‌రన్‌లు కూడా 53 కొట్టాడు, ఇంకేం కావాలి అంటుంది. అదీ నిజమే, కానీ నేనైతే రాలీకే వేసేవాణ్ణి. బ్యాటు ఆడని రోజు కూడా టీముకి పనికొచ్చేది కీపరే కదా. అక్టోబర్‌లో టొరంటో చేతిలో ఏడో మ్యాచ్ ఓడి ఫైనల్‌కి పోలేకపోయామే, దానికీ దీనికీ సంబంధం లేదు, ప్లేఆఫ్స్ మొదలవకముందే ఓట్లు తీసేసుకుంటారు. మేం ఆ ఫైనల్ మొహం ఇంతవరకూ చూడలేదు లెండి, అది వేరే బాధ.

ఆదివారం వాడే చేస్తానన్నాడు. తాతయ్యా, నువ్వైతే ఎవరికి వేస్తావు అని అడుగుతాడు, రాలీ అనండి. తర్వాత 83 కప్పులో మీ కిర్మాణీకి బెస్ట్ కీపర్ అవార్డిచ్చిన సంగతి చెప్పండి, గంటసేపు ఫోన్ వదలడు. అమ్మ మోకాళ్ళ నొప్పికి డాక్టరు ఏమన్నాడో నాకు విడిగా మెసేజ్ పెట్టండి, ఆవిడ ముందు అడిగితే ఏమీ లేదంటుంది.

మీ
పెద్దాడు