అమ్మ ఆపరేషన్‌కి అండగా నిలిచిన మీ అందరికీ కృతజ్ఞతలు

అమ్మకి ఊపిరితిత్తి ఆపరేషన్ అయి నేటికి ఆరు వారాలు. నిన్న మెట్ల మధ్యలో ఆగకుండా పై అంతస్తు దాకా ఎక్కింది. అందుకే ఈ రోజు రాస్తున్నాను. పేర్లు రాయడం లేదు. ఎవరి గురించో చదివితే మీకే తెలుస్తుంది.

భుజానికి దెబ్బ తగిలిందని తీసిన స్కాన్‌లో, ఎడమ ఊపిరితిత్తి అంచున అనుకోకుండా ఓ మచ్చ కనిపించింది. మొదట చూసినవాళ్లు పాత ఇన్ఫెక్షన్ తాలూకుది, వదిలేయండి అన్నారు. మేమూ వదిలేసేవాళ్లమే. కొన్నాళ్లకి మళ్లీ స్కాన్ తీయించాల్సిందేనని పట్టుబట్టిన డాక్టర్ గారూ, మొదటి దండం మీకే. అయిదు నెలల్లో 1.4 సెంటీమీటర్లది 1.8 అయింది. బయాప్సీలో క్యాన్సర్ అని తేలింది. దగ్గు లేదు, ఆయాసం లేదు. తొలి దశలో చాలామందికి ఏ లక్షణమూ ఉండదని అప్పుడే తెలిసింది.

అమ్మ జన్మలో సిగరెట్ ముట్టలేదు. అయినా కనిపించిన ప్రతివాళ్లూ అదే ప్రశ్న. ఆవిడ లోలోపల కుమిలిపోతుంటే, పొగ తాగనివాళ్లకీ ఇది వస్తుందని, పక్కవాళ్ల పొగ, గాలి కాలుష్యం, నేలలోంచి వచ్చే రేడాన్ అనే వాయువు కూడా కారణం కావచ్చని డాక్టర్ గారు ఓపిగ్గా చెప్పారు. 'తాగేవాళ్లకి వచ్చినా సరే, తప్పు ఎవరిదని అడిగే సమయం కాదమ్మా' అన్నారు. ఆ రాత్రి అమ్మ కంటినిండా నిద్రపోయింది.

సర్జన్ గారు రిపోర్టు వెనక కాగితం మీదే బొమ్మ గీశారు. కుడి ఊపిరితిత్తికి మూడు భాగాలు, ఎడమదానికి రెండు. ఇదివరకు పక్కన పెద్ద కోత పెట్టి, పక్కటెముకలను ఎడం చేసి తీసేవారు. ఇప్పుడు వాటి మధ్య చిన్న చిన్న కోతలు పెట్టి, కెమెరాతో చూస్తూ చేస్తారు. భాగం మొత్తం తీయాలా, అందులో ముక్క తీస్తే చాలా అన్నది మా టెన్షన్. గడ్డ రెండు సెంటీమీటర్ల లోపు ఉండి, అంచున ఉంటే ముక్క తీసినా ఆయుష్షుకి లోటు రాలేదని 2022లో జపాన్ వాళ్ల పరిశోధనలో తేలిందట. 'కోత చిన్నదే గానీ ఆపరేషన్ పెద్దదే. అవసరమైతే మధ్యలో ఛాతీ తెరవాల్సి రావచ్చు' అనీ దాచకుండా చెప్పారు. అలా చెప్పినందుకే మీ మీద నమ్మకం కుదిరింది సార్.

రాత్రి డ్యూటీ సిస్టర్ గారిని ఎలా మరిచిపోను? అమ్మ ఛాతీలోంచి వచ్చే గొట్టం మంచం పక్కనున్న నీళ్ల డబ్బాలోకి వెళ్తుంది. ఆవిడ దగ్గినప్పుడల్లా అందులో బుడబుడమని బుడగలు. నాకు గుండె జారిపోయింది. మీరొచ్చి పక్కన కూర్చుని, కోసి కుట్టిన చోట ఊపిరితిత్తి ఇంకా పూర్తిగా మూసుకోలేదని, ఆ సందులోంచి గాలి వస్తోందని, బుడగలు ఆగితే గొట్టం తీసేస్తారని చెప్పారు. ఆ తర్వాత నేను డబ్బానే చూస్తూ కూర్చున్నాను. మూడో రోజు పొద్దున అమ్మ గట్టిగా దగ్గింది. నీళ్లు కదిలాయి, బుడగ రాలేదు. మర్నాడు గొట్టం తీసేశారు.

నొప్పికి భయపడి అమ్మ దగ్గడమే మానేస్తే, కోత పెట్టిన వైపు దిండు అదిమిపెట్టి దగ్గించి, కఫం పేరుకుంటే నిమోనియా వస్తుందని మందలించిన ఫిజియోథెరపిస్ట్ తల్లీ, నీకు మా ఆశీస్సులు. ఊపిరి గట్టిగా పీల్చి బంతులు లేపే స్పైరోమీటర్‌లో మూడో బంతీ లేచింది. రాత్రులు బయట బెంచీ మీద పడుకున్న తమ్ముడూ, నీ రుణం వేరే.

ముక్కూ మొహం తెలియకపోయినా, రెండేళ్ల క్రితం ఇదే ఆపరేషన్ చేయించుకున్నానంటూ ఫోన్ చేసి అమ్మతో గంటసేపు మాట్లాడిన అక్కా! లింఫు గ్రంథుల్లోకి క్యాన్సర్ పాకలేదని, కీమో అక్కర్లేదని తేలింది. ఆరు నెలలకి మళ్లీ సీటీ స్కాన్ ఉంది. రిపోర్టు రాగానే మొదటి ఫోన్ నీకే చేస్తానని అమ్మ చెప్పమంది.