ఆదివారం చర్చ: తుపాకులు దించాలా, వద్దా?

మిత్రులందరికీ నమస్కారం 🙏

ఈ ఆదివారం సాయంత్రం 5 గంటలకు లైబ్రరీ మేడ మీద కలుస్తున్నాం. తెలంగాణ సాయుధ పోరాటంలో (కమ్యూనిస్టుల నాయకత్వంలో నిజాం మీద, దొరల మీద రైతులు చేసిన పోరాటం) ఉన్నవాళ్లే విప్లవం గురించి తమలో తాము ఎలా వాదించుకున్నారో మాట్లాడుకుందాం.

1948 సెప్టెంబరులో భారత సైన్యం వచ్చాక అసలు చిక్కు మొదలైంది. నిజాం పాలన పోయింది కదా, ఇక ఆపేద్దామన్నారు పోరాట నాయకుల్లో ఒకరైన రావి నారాయణరెడ్డి వంటివారు. ఆపితే పంచిన భూములు మళ్లీ దొరల పాలవుతాయన్నారు ఇంకొందరు. చైనా దారా (పల్లెల్లో రైతుల గెరిల్లా పోరు), రష్యా దారా (పట్టణాల్లో కార్మికుల తిరుగుబాటు) అన్న తగువు మాస్కో దాకా పోయింది. 1951లో కమ్యూనిస్టు పార్టీ నాయకులు బసవపున్నయ్య, రాజేశ్వరరావు, డాంగే, అజయ్ ఘోష్ సోవియట్ నేత స్టాలిన్‌నే కలిశారు! ఆ అక్టోబరులో పోరాటం విరమించారు. తర్వాత తొలి సాధారణ ఎన్నికల్లో నల్గొండలో రావి నారాయణరెడ్డికి నెహ్రూ కంటే ఎక్కువ ఓట్లు వచ్చాయి. అవి ఆపమన్నందుకా, అంతకుముందు పోరాడినందుకా? నాకైతే రెండోదే అనిపిస్తుంది. కాదనేవాళ్లు సిద్ధమై రండి.

👉 మీరు ఏ పక్షమో శుక్రవారం రాత్రిలోగా ఇక్కడే రాయండి. తలా 5 నిమిషాలు.
👉 నల్గొండ, వరంగల్, ఖమ్మం వైపు వాళ్లు ఇంట్లో పెద్దల్ని అడిగి రండి: ‘సంఘపోళ్లు’ (సంఘం పేరుతో పోరాడినవాళ్లు) అంటే ఊళ్లో అభిమానమా, భయమా?

గుర్తుంచుకోండి: ఇప్పటి పార్టీల గొడవ వద్దు. సెప్టెంబరు 17 విమోచనమా, విలీనమా అన్న పంచాయితీ కూడా ఆ రోజుకు వద్దు, తెల్లారిపోతుంది 😄

టీ, మిర్చి బజ్జీలు ఉంటాయి. ఎంతమంది వస్తున్నారో చెబితే కుర్చీలు తెప్పిస్తాం.