సెయింట్ ఆండ్రూస్‌కు టికెట్ కొట్టకండి, లూకర్స్‌కు కొట్టండి

సంపాదకుల వారికి,

బిడ్డల స్నాతకోత్సవానికి స్కాట్లాండ్‌లోని సెయింట్ ఆండ్రూస్ వెళ్లాలనుకునే మన నెల్లూరు, ఒంగోలు వైపు తల్లిదండ్రుల కోసం ఈ నాలుగు ముక్కలు.

1413 నాటి యూనివర్సిటీ, గోల్ఫ్‌కు పుట్టిల్లు అని చెప్పుకునే ఊరు. అయినా రైల్వే స్టేషన్ లేదు, 1969లోనే మూసేశారు. ఎడిన్‌బరో వేవర్లీలో డండీ వైపు వెళ్లే రైలెక్కి, గంట ప్రయాణం తర్వాత లూకర్స్‌లో దిగాలి. అక్కడి నుంచి 99 నంబరు బస్సులో పది నిమిషాలు. కునుకు తీసి టే నది వంతెన దాటేసినా కంగారు వద్దు. డండీ నుంచీ అదే 99 బస్సు ఉంది, అరగంట పడుతుంది.

అసలు తిప్పలు గది దగ్గరే. ఊరంతా కలిపి మూడు పెద్ద వీధులు. జూన్, జులైల్లో స్నాతకోత్సవాలూ గోల్ఫ్ సీజనూ ఒకేసారి వచ్చి పడతాయి. విజిటర్ వీసాకు ప్రయాణానికి మూడు నెలల ముందు గానీ దరఖాస్తు తీసుకోరు. వీసా వచ్చాక చూద్దాంలే అనుకుంటే గదులు మిగలవు. రద్దు చేసుకుంటే డబ్బు వెనక్కి వచ్చే గదిని ముందే పట్టుకోవాలి. వేసవి సెలవుల్లో యూనివర్సిటీ కొన్ని హాస్టల్ గదులను బయటివాళ్లకూ ఇస్తుంది, వాటిని అడగండి. లేదంటే డండీలో దిగడం నయం. 2027 జులైలో ఓపెన్ గోల్ఫ్ పోటీ సెయింట్ ఆండ్రూస్‌లోనే జరగనుంది కాబట్టి ఆ ఏడాది ఇంకా ముందే మేలుకోవాలి. నవంబరు, డిసెంబరు స్నాతకోత్సవాలకు గదుల పోటీ తక్కువే, కానీ సాయంత్రం నాలుగు కాకముందే పొద్దు గూకుతుంది.

ఓల్డ్ కోర్సు అనే అక్కడి గోల్ఫ్ మైదానాన్ని ఆదివారం చూడండి. పెద్ద పోటీలుంటే తప్ప ఆ రోజు ఆట ఉండదు, జనం గడ్డి మీద తీరిగ్గా నడుస్తారు. స్విల్కన్ అనే చిన్న రాతి వంతెన మీద ఫొటో దిగొచ్చు. మిగతా రోజుల్లో ఒకటో, పద్దెనిమిదో ఫెయిర్‌వేలకు (బంతి కొట్టుకుంటూ పోయే గడ్డి బాటలకు) అడ్డంగా పోయే దారి దాటేటప్పుడు రెండు వైపులా చూడాలి. 'ఫోర్' అని కేక వినబడితే తల మీద చేతులు పెట్టుకుని వంగండి, బంతి మీ వైపే వస్తోందని అర్థం.

జూన్ కదా అని పల్చటి చొక్కాలతో పోవద్దు. వెచ్చటి గాలి చల్లటి ఉత్తర సముద్రం మీదుగా వచ్చినప్పుడు 'హార్' అనే పొగమంచు ఊరి మీదికి కమ్ముకుంటుంది. ఎండ కాస్తున్నదల్లా కాసేపట్లో స్వెట్టర్ వెతుక్కునేలా చేస్తుంది. ఆ గాలికి గొడుగు తిరగబడుతుంది. టోపీ ఉన్న రెయిన్‌కోటు మేలు.

చివరిగా పెట్టె సంగతి. మాగాయ, కందిపొడి పట్టుకెళ్లొచ్చు. పాలతో చేసినవి మన దేశం నుంచి తీసుకెళ్లడం అక్కడ నిషేధం. నెయ్యి సీసా, కోవా, మన నెల్లూరు మలై కాజా కస్టమ్స్ వాళ్ల కంట పడితే తీసేసుకుంటారు.

ఇట్లు,
ఒక పాఠకుడు, కావలి