తల్లుల గ్రూపులో తల్లుల పేరుతో మీరు చేయిస్తున్న ప్రచారంపై ఫిర్యాదు

మారతహళ్ళి, బెంగళూరు

వినియోగదారుల ఫిర్యాదుల విభాగాధిపతి గారికి,

నమస్కారం. బెంగళూరులో ఉంటున్న తెలుగు తల్లుల కోసం 2017 నుంచి నేను ఒక ఫేస్‌బుక్ గ్రూపు నడుపుతున్నాను. పుట్టింట్లో పురుడు పోసుకుని వచ్చాక, అమ్మా అత్తగారూ దగ్గర లేని ఫ్లాటులో, అర్ధరాత్రి బిడ్డ ఏడుపు ఆపకపోతే ఎవరిని అడగాలో తెలియనివారే ఇందులో ఎక్కువ. మీ కంపెనీ రాగి ఉగ్గు పొడికి ఈ గ్రూపులో ప్రచారం చేయించిన తీరు గురించి ఈ లేఖ రాస్తున్నాను.

గత రెండు నెలల్లో మూడు కొత్త ఖాతాలు మా గ్రూపులో చేరాయి. మొదట్లో అవి మీ పొడి పేరెత్తలేదు. టీకా వేయించాక వచ్చే జ్వరం గురించి, వైట్‌ఫీల్డ్ వైపు మంచి పిల్లల డాక్టరు గురించి అడిగి, ఇతరుల పోస్టుల కింద ఆప్యాయంగా పలకరించి, అందరికీ నమ్మకం కుదిరాక మాత్రమే, బరువు పెరగని తమ బిడ్డ ఈ పొడితో నెల తిరిగేసరికి తేరుకున్నాడని రాయసాగాయి. ఒక ఖాతా మొదట తనకు ఎనిమిది నెలల బాబని చెప్పి, మూడు వారాల తర్వాత పదకొండు నెలల పాపని రాసింది. అది గమనించి పాత పోస్టులన్నీ వెతికితే, మూడింటిలోనూ ఒకే వాక్యం పొల్లు పోకుండా కనిపించింది. ఇంతలో మా సభ్యురాలు ఒకరు మీ ప్రచారం చూసే ఏజెన్సీ తనకు పంపిన సందేశాన్ని నాకు చూపించారు. పోస్టుకు 1,500 రూపాయలు ఇస్తామని, నమూనా వాక్యాలు తామే పంపుతామని, డబ్బు సంగతి ఎక్కడా రాయవద్దని అందులో ఉంది. దాని స్క్రీన్‌షాట్‌తో పాటు ఆ పోస్టులన్నిటినీ ఈ లేఖకు జతపరుస్తున్నాను.

నన్ను అన్నిటికన్నా ఎక్కువగా బాధించినది మరొకటి ఉంది. ఆ ఖాతాల్లో ఒకటి ‘మేము అయిదో నెల నుంచే మొదలుపెట్టాం’ అని రాసింది. ఆరు నెలలు నిండేవరకు తల్లిపాలు తప్ప మరేదీ పెట్టవద్దని డాక్టర్లు చెబుతారు, మీ డబ్బా మీద కూడా ఆరు నెలల తర్వాతే అని ఉంది. అయినా తోటి తల్లి అనుభవమని నమ్మి ఒక సభ్యురాలు తన అయిదు నెలల పాపకు పెట్టింది. పాప మలబద్ధకంతో నాలుగు రోజులు అల్లాడితే, డాక్టరు వెంటనే మాన్పించారు. ఆ తల్లి తప్పు తనదేనని ఇప్పటికీ కుమిలిపోతోంది.

గ్రూపులో అమ్మకాలకు నేను వ్యతిరేకిని కాను. కె.ఆర్. పురంలో ఉండే మా సభ్యురాలు ఒకరు రాగులు నానబెట్టి, మొలకెత్తించి, నీడన ఆరబెట్టి, దోరగా వేయించి, మరపట్టించి ఉగ్గు పొడి చేస్తారు. ఇది నేను అమ్ముకునే సరుకు అని మొదటి వాక్యంలోనే రాస్తారు కాబట్టి కొనేవారు తెలిసి కొంటారు.

మీకు, మీ తరఫున రాసేవారికి మధ్య ఉన్న సంబంధాన్ని దాచకూడదని కేంద్ర వినియోగదారుల పరిరక్షణ ప్రాధికార సంస్థ 2022 జూన్‌లో ఇచ్చిన మార్గదర్శకాలు స్పష్టంగా చెబుతున్నాయి. తప్పుదోవ పట్టించే ప్రకటనకు 10 లక్షల రూపాయల వరకు, మళ్ళీ చేస్తే 50 లక్షల వరకు జరిమానా విధించే అధికారం 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ఆ సంస్థకు ఇచ్చింది. అంతకన్నా ముఖ్యంగా, శిశు పాల ప్రత్యామ్నాయాలు, పాలసీసాలు, శిశు ఆహారాల గురించిన 1992 నాటి చట్టం, 2003 సవరణ తర్వాత, రెండేళ్ళలోపు పిల్లల ఆహారానికి అసలు ప్రకటనలే ఇవ్వకూడదంటుంది. ఆ కారణంగానే ప్రచారాన్ని తల్లుల మాటల చాటున నడిపించారని నేను అనుకుంటున్నాను.

కాబట్టి ఏయే ఖాతాలకు డబ్బు చెల్లించారో నాకు రాతపూర్వకంగా తెలియజేయండి. ఆ పోస్టులన్నీ తీయించి, అవి డబ్బిచ్చి రాయించినవని, ఆరు నెలల లోపు పిల్లలకు ఈ పొడి పెట్టకూడదని మీ కంపెనీ పేరుతోనే మా గ్రూపులో తెలుగులో ప్రకటించండి. ఇతర తల్లుల గ్రూపుల్లో ఇలాంటి పోస్టులు పెట్టించి ఉంటే అక్కడ కూడా ఇదే చేయండి. ఈ లేఖ అందిన 15 రోజుల్లోగా జవాబు రాకపోతే, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లోను, పైన చెప్పిన ప్రాధికార సంస్థ వద్దను ఈ ఆధారాలతో ఫిర్యాదు నమోదు చేస్తాను.

భవదీయురాలు,
గ్రూపు నిర్వాహకురాలు