చలికాలంలో గుర్రం ఖర్చు ఎక్కడ తగ్గించాలి?

ఎడిటర్ గారికి,

చలికాలం రాగానే గుర్రాలు పెంచేవాళ్లకి ఖర్చు టెన్షన్ మొదలవుతుంది, చాలామంది ముందు కోత పెట్టేది ఎండుగడ్డికే, అదే పెద్ద పొరపాటు. గడ్డిలోని పీచు పేగుల్లో పులిసేటప్పుడు పుట్టే వేడే గుర్రాన్ని లోపలి నుంచి కాస్తుంది. 500 కిలోల గుర్రానికి రోజుకి 8 నుంచి 10 కిలోల గడ్డి కావాలి, చలి ముదిరితే ఇంకా ఎక్కువే. తగ్గించాల్సింది వృథాని. నేల మీద పడేసిన గడ్డిలో బోలెడంత కాళ్ల కింద నలిగి, లద్దెలో కలిసిపోతుంది. అదే గడ్డిని సన్న కన్నాల వలలో పెట్టి, తూకం వేసి ఇస్తే తేడా మీకే తెలుస్తుంది. కోతల సమయంలోనే కొని, తడి తగలకుండా నేలకి ఎత్తుగా పేర్చుకోవాలి, బూజు పట్టిన గడ్డి ఎంత చవకైనా వద్దు.

పని లేని గుర్రానికి దాణా తగ్గించొచ్చు, కానీ ఒక్కసారిగా కాదు, కొన్ని రోజుల మీద మెల్లగా. ఒత్తుగా బొచ్చు పెరిగి, గాలీవానా తగలని చోటు ఉంటే ఆరోగ్యంగా ఉన్న గుర్రానికి చాలావరకు రగ్గు అక్కర్లేదు. అయితే ఆ బొచ్చు కిందే గుర్రం చిక్కిపోయినా కనబడదు, అందుకే వారానికోసారి డొక్కల మీద చెయ్యి వేసి నొక్కి చూడండి, పక్కటెముకలు చేతికి తగలాలి గానీ కంటికి కనిపించకూడదు.

నీళ్ల సంగతి మాత్రం అస్సలు వదిలేయొద్దు. మరీ చల్లగా ఉంటే గుర్రం తక్కువ తాగుతుంది, పేగుల్లో మేత గట్టిపడి కడుపునొప్పి వస్తుంది, అప్పుడయ్యే వైద్యం ఖర్చు ముందు గోరువెచ్చటి నీళ్ల ఖర్చు ఎంత!

ఇట్లు,
గుర్రాలు పెంచే ఒక పాఠకుడు